మండని వేళ్లు

దెబ్బతిన్న పిల్లల చేతులకు బొత్తాం పెట్టుకోవడం, ముద్ద కలుపుకోవడం మళ్లీ నేర్పడం ఆసుపత్రిలో నా పని. బళ్లారిలో అది చెబితే ఎవరికీ ఎక్కదు. అందుకని ఎవరడిగినా "పిల్లల్ని ఆడిస్తా" అనేస్తాను.

కంప్లి వైపు నుంచి ఒక ఎనిమిదేళ్ల పాప వచ్చింది. గాజుపెంకు దిగి కుడి మణికట్టు దగ్గర నరం తెగింది. డాక్టర్లు అతికించి కుట్టారు. కానీ రెండు వేళ్లతో శనగగింజ పట్టుకోవడం కూడా ఆ పిల్లకు గగనమైపోయింది. ఇంటికి పంపేటప్పుడు వాళ్లమ్మకు గట్టిగా చెప్పాను.

"వేళ్లతో సన్నసన్న పనులు చేపియ్యమ్మా. ఎంత చేస్తే అంత మంచిది."

కొన్ని నెలలకు మళ్లీ వచ్చారు. బల్ల మీద శనగలు పోశాను. పాప టకటకా ఏరి గిన్నెలో వేసేసింది. గొప్పంతా నాదే అన్నట్టు నర్సును కేకేసి మరీ చూపించాను. శభాష్ అంటూ ఆ చేయి అందుకున్నాను.

వేళ్ల కొనలన్నీ చీలిపోయి ఉన్నాయి. చీలికల్లో ఎర్రటి పొడి. ఒక వేలికి చీము పట్టింది.

"ఏందమ్మా ఇది?"

"మిరపకాయల తొడిమలు తీస్తాంది మేడం. మీరే చెప్తిరి గదా సన్న పని చేపియ్యమని. మా ఇంట్లో ఇంకేం పని ఉండాది?"

ఆమె ముఖంలో బెదురు లేదు. చెప్పినట్టు చేశానన్న తృప్తే ఉంది.

"ఏడవలేదా?"

"లే మేడం. ఒక్క దినం గూడ మండుతాదనలే."

ఎలా అంటుంది? వేళ్లకు బలం వచ్చింది గానీ స్పర్శ ఇంకా రాలేదు. ఆ సంగతి వాళ్లకు చెప్పాల్సింది నేను. చెప్పలేదు. ఆమెను తిట్టబోయినదాన్ని, దూదీ మందూ తెమ్మని నర్సుకు చెప్పాను. నా మీద నాకే అసహ్యం వేసింది.

నర్సు పుండ్లు కడుగుతుంటే పాప అది ఎవరిదో చేయి అన్నట్టు చూస్తూ కూర్చుంది. ఇక మిరపకాయలు ముట్టుకోకూడదన్నాను. పిల్ల ముఖం వాడిపోయింది.

"మా అమ్మకు చేతులు శానా మండుతాయి మేడం. నాకు మండవు గదా. అమ్మ నీళ్లకు పోయినప్పుడు తన గంపలో కాయలు గూడ నేనే తీస్తాండా."

ఆ మాట వాళ్లమ్మా అప్పుడే వినడం. వాచిన తన చేతులు రెండూ కొంగులో దాచుకుంది.