ఆదాము హార్మోనియానికి ఒక నంబరు

రిబ్కా పాటెత్తితే వేటపాలెం దాటిపోయిన రైలు వెనక్కొచ్చి ఆగిందని నేను పదిమందికి చెప్పాను. ముగ్గురు నమ్మారు. ఆమె రోజూ బాపట్ల నుంచి అదే రైల్లో వేటపాలెం వెళ్లి జీడిగింజలు ఒలుస్తుందన్నది మాత్రం నిజం. ఆదివారం మా చర్చిలో పాడుతుంది. భర్త ఆదాము పక్కన హార్మోనియం వాయించేవాడు. ఆయన పోయి నాలుగేళ్లయింది.

వాళ్లిద్దరి పాట ఒక్కటే క్యాసెట్లో మిగిలింది. పాటకు ముందు ఆదాము, "కానీవే, ఇంకెంతసేపు గొంతు సవరిస్తావు?" అంటాడు. ఆయన గొంతు ఇంకెక్కడా లేదు. తెనాలిలో చిన్న స్టూడియో నడిపే అజయ్ బాబు రెండేళ్ల కిందట దాన్ని ఫోనుల్లో వినేలా ఎక్కించాడు. ఆ తర్వాత టేపు నుసి అయిపోయింది.

ఈ మధ్య రేపల్లె ప్రార్థన సభలవాళ్లు అడిగారని అజయ్ బాబు అదే పాటను కీబోర్డుతో రిబ్కా చేత మళ్లీ పాడించి ఎక్కించాడు. మర్నాడు రైల్లో ఆమె ఫోనులో పాతదాన్ని నొక్కితే కీబోర్డు మోగింది. మళ్లీ నొక్కినా కీబోర్డే. ఆ రోజు జీడిగింజలు మానేసి, నన్ను వెంటబెట్టుకుని తెనాలి వెళ్లింది.

"బాబూ, మా ఆయన్ని ఏం చేశావు?" అంది గుమ్మంలోనే.

అజయ్ బాబు కంప్యూటర్ తెరిచి చూసి తెల్లబోయాడు. "రెండింటికీ ఒకే కోడ్ ఇచ్చానండి పిన్నిగారూ. పాట ఒకటే కదా అని."

"అదేంట్రా, అంత చదువు చదివి!" అన్నాను.

"మన చర్చిల్లో అంతేగా తాతగారూ? బోర్డు మీద నంబరు రాస్తే, ఎవరు పాడినా ఆ పాటకు అదే నంబరు."

అదీ నిజమే. పాటల పుస్తకం నంబర్లతోనే పెరిగాం మేమూ.

అప్పుడతను వివరించాడు. ఆ కోడ్ పన్నెండు అక్షరాలు. మొదటి ఐదూ ఇచ్చినవారి గుర్తు, తర్వాత రెండంకెలు ఇచ్చిన సంవత్సరం, చివరి ఐదంకెలు ఆ రికార్డింగు వరుస సంఖ్య. అది పాటకు కాదు, రికార్డింగుకు. ఒకే పాటను మళ్లీ పాడితే మళ్లీ కొత్త కోడ్. పాత కోడే ఉండేసరికి యంత్రం రెండూ ఒకటేననుకుని కొత్తదాన్నే ఉంచింది.

"నీ దగ్గర పాతది ఉందా?" అంది రిబ్కా.

"లేదండి. నెట్లో భద్రంగా ఉందిగా అని చెరిపేశాను. పాటలు ఎక్కించే కంపెనీ వాళ్ల దగ్గర ఉండొచ్చు. రాస్తాను."

ఆ ఉండొచ్చు అన్న మాటతో రిబ్కా ఐదు రోజులు గడిపింది. ఆదివారం పాడమంటే జలుబంది.

ఆరో రోజు అజయ్ బాబు ఫోన్ చేశాడు. "దొరికిందండి! పాతదాన్ని దాని కోడ్‌తోనే తిరిగి పెట్టారు. మీ మనసు కష్టపెట్టాను, కొత్తది తీయించేస్తాను."

తీయించెయ్యమని చెబుదామని నేను ఫోన్ లాక్కోబోయాను.

"వద్దు నాయనా, కొత్తదీ ఉంచు," అంది రిబ్కా ఫోన్ వదలకుండా. "అది ఆయన లేకుండా నేను పాడింది. దానికీ ఒక నంబరు వెయ్యి."