సమ్మెట పట్టిన చేతికి సూది

ముప్పై నాలుగేళ్ళు వచ్చేదాకా బాలప్పకు సూది పట్టుకోవడం తెలీదు. చొక్కాకు గుండీ ఊడితే పిన్నీసు పెట్టుకుని తిరిగే మనిషి. కుప్పం దగ్గర ఒక గ్రానైట్ క్వారీలో పని. బండ మీద సమ్మెటతో ఒక దెబ్బ వేసి, చెవి ఆనించి విని, అది ఏ పక్కకు చీలుతుందో చెప్పేసేవాడు. మేస్త్రీ కూడా అతన్ని అడగనిదే ఉలి పెట్టనిచ్చేవాడు కాదు. చీల్చిన రాళ్ళు లారీలెక్కి మద్రాసు రేవుకు పోయేవి. అక్కడి నుంచి ఏ దేశం పోయేవో, ఎవరింటి గచ్చు అయ్యేవో బాలప్పకు తెలీదు. తెలుసుకోవాలని కూడా ఎప్పుడూ అనిపించలేదు.

1994 ఎండాకాలంలో ఒకరోజు, గడ్డపారలతో నెడుతున్న రాయి అనుకున్న పక్కకు కాక ఇటు, బాలప్ప మీదికి జారింది. కుడి తొడ ఎముక రెండు చోట్ల విరిగింది. భార్య తులసమ్మది పుంగనూరు. ఆమె అన్న వచ్చి, ఎముకలైతే మదనపల్లె మిషన్ ఆసుపత్రిలోనే చూపించాలని పట్టుబట్టి, టెంపోలో పరుపేసి తీసుకుపోయాడు. డాక్టర్లు కాలికి బరువు కట్టి వేలాడదీశారు. మూడు నెలలు కదలకూడదన్నారు.

పొద్దున లేస్తే బండలతో కుస్తీ పట్టే మనిషికి మూడు నెలల మంచం అంటే ఎట్లా ఉంటుంది? వారం తిరక్కముందే అతను వార్డంతటికీ తలనొప్పి అయిపోయాడు. గంజి చల్లగా ఉందని ఒకసారి, ఫ్యాను తిరగలేదని ఒకసారి, ఏమీ లేకపోతే ఊరికే అరిచేవాడు. తులసమ్మ పక్క మంచాలవాళ్ళ మొహం చూడలేక వరండాలోకి పోయి కూర్చునేది.

ఒక మంగళవారం ఆ వార్డుకు సువర్ణమ్మ వచ్చింది. ఆసుపత్రి కుట్టుగదిలో పనిచేసే మనిషి. యాభై ఏళ్ళుంటాయి. లావుపాటి కళ్ళద్దాలు, తెల్లచీర, మెడలో సన్నటి గొలుసుకు చిన్న శిలువ. వారానికోసారి చిరిగిన దుప్పట్లు ఏరుకుపోవడానికి వచ్చేది. ఆమె వచ్చేసరికి బాలప్ప నర్సు మీద కేకలేస్తున్నాడు.

"ఎందుకప్పా అంత గొంతు? పక్క మంచం ఆయనకి నిన్ననే ఆపరేషన్ అయ్యుండాది" అంది సువర్ణమ్మ.

"నా కాలు ఇట్ల ఏలాడతాంది. నీకేం తెలుసమ్మా నా బాధ?"

"కాలు ఏలాడతాంది, సరే. చేతులు ఊరికే ఉండాయి గదా?"

అర్ధగంటలో ఆమె తిరిగొచ్చి, ఒక దిండు గలీబు నిండా బట్టముక్కలు తెచ్చి అతని కడుపు మీద పెట్టింది. ఆపరేషన్ గదిలో వాడే పచ్చబట్ట, దుప్పట్ల తెల్లబట్ట, రోగుల చొక్కాల నీలంగళ్ళ బట్ట. అన్నీ కత్తిరించగా మిగిలిన ముక్కలు, అరచెయ్యంత కొన్ని, వేలంత కొన్ని. "రంగులు ఏరిపెట్టప్పా. పచ్చవి ఒగ పక్క, తెల్లవి ఒగ పక్క, గళ్ళవి ఒగ పక్క."

"ఆడోళ్ళ పని నాకెందుకు? నేను ఏరను."

సువర్ణమ్మ దుప్పట్లు ఎత్తుకుని వెళ్ళిపోయింది. ఆ గలీబు సాయంత్రందాకా అట్లే ఉంది. పైకప్పు వాసాలు లెక్కపెట్టీ లెక్కపెట్టీ విసుగెత్తి బాలప్ప చెయ్యి దానిలోకి పోయింది. దీపాలు పెట్టే వేళకు మంచం మీద మూడు కుప్పలు ఉన్నాయి. తులసమ్మ అది చూసీ చూడనట్టు తిరిగింది. ఏమన్నా అంటే ఎక్కడ ఆపేస్తాడోనని భయం.

ఆ ముక్కలతో సువర్ణమ్మ పసిబిడ్డలకు బొంతలు కుట్టేది. కాన్పుకు వచ్చేవాళ్ళలో బిడ్డను చుట్టడానికి మెత్తటి గుడ్డ కూడా లేనివాళ్ళు ఉంటారు. వాళ్ళకు తలా ఒకటి. అది ఆసుపత్రి చెప్పిన పని కాదు, ఆమె సొంతంగా పెట్టుకున్న పని. రెండోవారం ఆమె బాలప్ప చేతికి సూది ఇచ్చింది.

సూది గుచ్చుకున్నా అతనికి నొప్పి తెలిసేది కాదు, వేళ్ళు అంతగా కాయలు కాసి ఉన్నాయి. కానీ ఆ వేళ్ళ మధ్య సూది నిలిచేది కాదు. జారి కింద పడేది. వంగి తీసుకోలేడు. ఎవరో ఒకరు వచ్చి వెతికి ఇవ్వాలి. నాలుగుసార్లు చూసి సువర్ణమ్మ సూదికి ఇంకో పొడుగు దారం కట్టి, ఆ కొసను అతని చొక్కా గుండీకి ముడేసింది. "ఇంగ యాడికి పోతాదో పోనీ" అంది. పక్క మంచం మనిషి నవ్వాడు. బాలప్పకూ నవ్వొచ్చింది. ఆసుపత్రికి వచ్చినాక నవ్వడం అదే మొదలు.

మొదటి బొంత పదిరోజులు పట్టింది. కుట్లు ఒకచోట దగ్గరగా, ఒకచోట దూరంగా, చివరికి పోయేసరికి వరస పక్కకు తిరిగిపోయింది. సువర్ణమ్మ కళ్ళద్దాలు సర్దుకుని చూసి, "ఇప్పు" అంది.

"ఇప్పేదా? చంటిబిడ్డకి వంకర తెలస్తాదా?"

"బిడ్డకి తెలీదు. తల్లికి తెలస్తాది. ఊరికే ఇచ్చేది గదా అని ఎట్లపడితే అట్ల ఇచ్చినారే అనుకుంటాది."

బాలప్ప మొత్తం విప్పి మళ్ళీ కుట్టాడు. ఈసారి ఆమె చేత్తో తడిమి, మడిచి, చంకలో పెట్టుకుని తీసుకుపోయింది. నాలుగైదు రోజుల తర్వాత, కలకడ వైపు పల్లె నుంచి వచ్చిన ఒక పడుచు తల్లి, బిడ్డను ఎత్తుకుని మగవాళ్ళ వార్డు గుమ్మం దాకా వచ్చి నిలబడింది. ఇంటికి పోతున్నారట. సువర్ణమ్మ చెబితే వచ్చిందట.

"ఈ బొంత కుట్టింది నువ్వేనంట గదన్నా. సూడు, ఎట్ల నిద్రపోతాండాదో."

పచ్చ, తెలుపు ముక్కల మధ్య చిన్న మొహం ఒకటి కనబడింది. బాలప్ప పద్దెనిమిదేళ్ళు రాళ్ళు కొట్టాడు. తను కొట్టిన రాయి మీద ఎవరు నడుస్తున్నారో ఒక్కసారీ చూడలేదు. తన చేతిపని ఎవరికి అందిందో కళ్ళారా చూడటం అదే తొలిసారి. ఆ తర్వాత వార్డులో అతని అరుపు ఎవరికీ వినబడలేదు. ఇంటికి పోయేలోపు ఇంకో ఆరు బొంతలు కుట్టాడు.

ఇంటికి పంపిన రోజు సువర్ణమ్మ సెలవులో ఉంది. అక్క కూతురి పెళ్ళికి నెల్లూరు పోయిందన్నారు. బస్సు వేళయింది. చంకకర్రల మీద బయటికి వచ్చి బస్సెక్కి కూర్చున్నాక, జేబులో ఆమె ఇచ్చిన రెండు సూదులు, సగం దారపు ఉండ తగిలాయి. అప్పుడు గుర్తొచ్చింది బాలప్పకు, ఇన్నాళ్ళలో ఆమెకు ఒక్క మంచిమాట చెప్పలేదని.

కాలు రెండంగుళాలు పొట్టిదైపోయింది. క్వారీ మాట ఇక లేదు. కుప్పం వదిలేసి పుంగనూరులో, తులసమ్మ పుట్టింటి వీధిలోనే చిన్న ఇల్లు తీసుకున్నారు. ఆమె టమేటా కోతలకు పోయేది. బాలప్ప ఇంట్లో పాత చీరలు, చిరిగిన పంచెలు ముందేసుకుని బొంత కుట్టేవాడు. మొదట్లో వెనక వాకిట్లో కూర్చునేవాడు, ఎవరూ చూడకూడదని. అక్కడ వెలుతురు చాలక ఒకరోజు వీధి అరుగు మీదికి వచ్చాడు. ఎదురుగా టీ అంగడి వెంకటేశులు ఊరుకుంటాడా?

"ఏం బాలప్పా, రేపట్నించి గాజులు కూడా తొడుక్కుంటావా?"

అంగడి దగ్గరున్నవాళ్ళంతా నవ్వారు. బాలప్ప తల వంచుకున్నాడు. నీళ్ళబిందెతో అప్పుడే వస్తున్న తులసమ్మ ఆగింది.

"నీ చొక్కా కుట్టినోడు గాజులు తొడుక్కొనే కుట్టినాడా యెంకటేశులన్నా?"

ఈసారి నవ్వు అటు తిరిగింది. అందరికంటే గట్టిగా నవ్వినవాడు ఆ చొక్కా కుట్టిన టైలర్ రాజగోపాలే. టీ తాగి గ్లాసు పెట్టేసి నేరుగా అరుగు దగ్గరికి వచ్చాడు. "మా అంగట్లో దినామూ గంపెడు కత్తిరింపులు చెత్తకుప్పలో పోస్తాండాము బాలప్పా. రేపొచ్చి ఎత్తుకోని పో."

బాలప్ప బతుకు అక్కడ గాడిన పడింది. రవికెముక్కలు, లైనింగు ముక్కలు, స్కూలు పిల్లల యూనిఫారం ముక్కలు, అడుగున నాలుగు చుట్లు మిగిలిన దారపు ఉండలు, అన్నీ రాజగోపాల్ సంచీలో వేసి ఉంచేవాడు. చూసి మిగతా టైలర్లూ ఉంచడం మొదలుపెట్టారు. కూలిచ్చి కుట్టించుకునేవాళ్ళు తెచ్చిన పాతచీర అడుగున పరిచి, మధ్యలో మెత్తబడిన పంచెలు రెండు మూడు పొరలు వేసి, పైన ముక్కలు పేర్చేవాడు. పొరలు కదలకుండా ముందు పెద్ద కుట్లతో పట్టించి, అంచు నుంచి లోపలికి చుట్టూ చుట్టూ తిరుగుతూ చిన్న కుట్లు వేసుకుంటూ పోయేవాడు. వంకరపోతే తనే విప్పేవాడు. చలికాలం వస్తే పనితో అతనికి ఊపిరి తిరిగేది కాదు. ఒక మార్గశిరంలో వెంకటేశులు కూడా వచ్చాడు, ముసలితల్లి చీర ఒకటి, తన లుంగీలు రెండు చంకలో పెట్టుకుని, ఎటో చూస్తూ. బాలప్ప పాతమాట ఎత్తలేదు. "అమ్మ ఎంత పొడుగుంటాది?" అని మాత్రం అడిగాడు.

అట్లా తొమ్మిదేళ్ళు గడిచాయి. అన్నం ముందు కూర్చున్నప్పుడో, మంచి బొంత ఒకటి ముగించినప్పుడో సువర్ణమ్మ గుర్తొచ్చేది. పోవాలి, చెప్పాలి అనుకునేవాడు. ఏదో ఒకటి అడ్డం వచ్చేది. 2003లో కాలు నొప్పి చేసి మదనపల్లె ఆసుపత్రికి పోయినప్పుడు కుట్టుగది దగ్గర అడిగాడు. ఆమె రిటైరైందనీ, కుప్పంలో తమ్ముడి కొడుకు జ్ఞానశేఖర్ ఇంట్లో ఉంటోందనీ చెప్పారు.

కుప్పం అనేసరికి బాలప్ప గుండె జారింది. దెబ్బ తగిలినాక ఆ పక్కకు మళ్ళీ పోలేదు. తులసమ్మ రెండు రోజులు చూసి అంది: "రాయి పడింది కుప్పంలోనే. కాదన్ను. కానీ ఆయమ్మ కూడా ఇప్పుడు ఆడనే ఉండాది గదా. పోయి రా."

నెల పట్టి ఒక బొంత కుట్టాడు. మంచి ముక్కలన్నీ దానికే. పొద్దున బస్సెక్కి పలమనేరు, వి.కోట మీదుగా పోతుంటే ఎదురుగా రాళ్ళ లారీలు వచ్చాయి. ఒక్కో లారీకి బాలప్ప కిటికీ కమ్మీ గట్టిగా పట్టుకున్నాడు. నాలుగో లారీకి పట్టుకోవడం మరిచిపోయాడు, ఏం చెప్పాలో ఆలోచిస్తూ.

సువర్ణమ్మ వాకిట్లో కుర్చీలో కూర్చుని ఉంది. బాగా చిక్కిపోయింది. అతను చేతులు జోడించాడు. ఆమె కళ్ళు చికిలించి చూసింది.

"ఎవురప్పా?"

"నేనమ్మా, బాలప్పని. కాలు విరిగి వార్డులో ఉన్నింటినే. నాకి కుట్టేది నేర్పించినారు మీరు."

ఆమె తల అడ్డంగా ఊపింది. "గుర్తు రాలేదప్పా. ఎంతమందికో ఇచ్చినా సూదులు. శానామంది మర్నాడే పారేసినారు."

బాలప్పకు ఒక్క క్షణం ఏదోలా అయింది. అయినా తను వచ్చింది గుర్తు చేయించుకోవడానికి కాదు గదా. అంతా చెప్పాడు, తను అరిచిన అరుపులతో సహా. అరుపుల దగ్గర ఆమె మొహం విప్పారింది.

"ఓ, ఆ గొంతా! నర్సమ్మలు వచ్చి ఏడ్సినారు నా దగ్గర. నీ నోరు మూయించనీకి ఇచ్చినానప్పా ఆ గుడ్డలు. నీకి పని నేర్పించాలని కాదు."

బాలప్ప పకపకా నవ్వాడు. ఎందుకిచ్చినా తనకు అందింది తనకు అందింది. బొంత విప్పి ఆమె ఒళ్ళో పరిచాడు. "మీవల్లే అమ్మా నాలుగు మెతుకులు తింటాండాము. ఆపొద్దు చెప్పకుండా వచ్చేసినా. అది చెప్పిపోదామనే వచ్చినా."

ఆమె వేళ్ళతో కుట్లు తడుముతూ మూల నుంచి మూలకు పోయింది. చివరికి, "చక్కగా ఉండాదప్పా" అంది. ఆ రెండు మాటలు విని బాలప్ప కళ్ళు తుడుచుకున్నాడు.

ఆరోజు సెలవు కాబట్టి ఇంట్లో ఉన్న జ్ఞానశేఖర్ భార్య ప్రిస్కిల్లా లోపలి నుంచి కాఫీ తెచ్చింది. ఆమె రోజూ రైల్లో బెంగళూరు పోయి గార్మెంట్స్‌లో పనిచేస్తుంది. అక్కడ పారేసే ముక్కలు అత్త కోసం మూటగట్టి తెస్తుంది. "కుట్టాలని కూచుంటాది. సూదిలో దారం ఎక్కించేది సూపుకి ఆనదు. నేను సందేళ వచ్చేదాకా అట్లే కూచోనుంటాది" అంది.

సువర్ణమ్మ పక్కనున్న డబ్బా ముందుకు నెట్టింది. "వచ్చినోడివి వచ్చినావు, ఎక్కించిపో."

డబ్బాలో పది సూదులు ఉన్నాయి. బాలప్ప కింద కూర్చుని, పొట్టికాలు చాపుకుని, ఒక్కోదానికి మూరెడు దారం ఎక్కించి, ముడేసి, పాత దిండుకు వరసగా గుచ్చాడు.

సాయంత్రం ఇల్లు చేరేసరికి తులసమ్మ గుమ్మంలోనే ఉంది. "చెప్పినావా?"

"చెప్పినా."

"ఏమనింది?"

"వచ్చే నెల కూడా వచ్చి దారాలు ఎక్కించిపొమ్మనింది."

తులసమ్మ నవ్వింది. ఆ నెల పోయాడు, పై నెలా పోయాడు. పోయినప్పుడల్లా ఇద్దరూ వాకిట్లో ప్రిస్కిల్లా తెచ్చిన మూట విప్పుకుని, ఏ రంగు పక్కన ఏది పెట్టాలో వాదించుకునేవాళ్ళు. కుప్పం బస్సు అంటే బాలప్పకు ఇప్పుడు గుండె జారదు. ముందురోజే చొక్కా ఉతికి ఆరేసుకుంటాడు.