విశాఖకు జానెడు నూలు

ఇలాంటి సంగతిని రాసి పెట్టేదేముందని అనుకునేదాన్ని, కానీ మొన్న మా అక్క కూతురు వచ్చి, ఓర్వకల్లు విమానాశ్రయం నుంచి విశాఖకు ఆకాశంలో ఎంత దూరమో, ఎంతసేపు పడుతుందో తన ఫోనులో చూపించినప్పుడు, ఆ లెక్క నేను ఎప్పుడో కట్టాననీ, దానికి సాక్షులిప్పుడు లేరనీ గుర్తొచ్చి రాస్తున్నాను.

అయిదో తరగతితో బడి మాన్పించి నన్ను మగ్గం గుంటలో కూర్చోబెట్టారు. ఎమ్మిగనూరులో మా వీధంతా అలాగే ఉండేది. నాన్నది ఒక మగ్గం, నాది ఒకటి, రెంటికీ నూలు కండెలు చుట్టేది అమ్మ ఒక్కతే, ఆమె చెయ్యి ఆగితే రెండు మగ్గాలూ ఆగేవి. సెలవునాడు మాత్రం గ్రంథాలయానికి పరుగెత్తేదాన్ని, అక్కడ నేను చదవని పుస్తకం లేదని ఇప్పటికీ గర్వంగానే చెప్పుకుంటాను.

అక్కను విశాఖ రేవులో పనిచేసే ఆయనకిచ్చారు. తొలి కాన్పు పుట్టింట్లో జరగవలసింది, కానీ డాక్టరు ప్రయాణం వద్దన్నాడు కనుక అమ్మే వెళ్లాలి. బస్సులో ఆదోని, అక్కడ రైలు, మళ్లీ రైళ్లు మారడం, పోనూ రానూ వారం మాట. అప్పుడు నేను కొంగుకు ముడేసుకున్న మగ్గం నూలును గ్రంథాలయంలోని పటం మీద మా ఊరి నుంచి విశాఖ దాకా పరిచి, విమానం వేగం మరో పుస్తకంలో చూసి భాగిస్తే, రెండు గంటలైనా పట్టదని తేలింది. జానెడున్న ఆ పోగును తెచ్చి అమ్మ చేతిలో పెట్టాను.

"ఇంతేనా? కండెకు గూడ సాలదు గదే. దీనికేనా నేను పోలేకుండేది?" అంది అమ్మ.

గుంటలోనుంచి నాన్న నవ్వాడు. "ఇమానం యాడ దిగుతాది మే, సంతలో ఎద్దుల నడుమనా? ఈ పడుగు కోసినంక పోదువులే."

ఆయన చెడ్డవాడు కాదు, కానీ మా పనిలో నేసిన బట్ట కోయగానే మగ్గం మీద మిగిలిన పాత పడుగు దారాల కొసలకే కొత్త పడుగు అతుకుతారు, మగ్గం ఖాళీ అయ్యే రోజంటూ రాదు. అమ్మ ప్రతి కోతకూ సంచి సర్దుకునేది, అతుకు పడగానే మళ్లీ విప్పేది. బిడ్డ పుట్టింది, పాకింది, నడిచింది. కాన్పులో దెబ్బతిన్న అక్క ప్రయాణానికి తేరుకునేలోపే జ్వరంతో అమ్మ పోయింది.

ఆ బిడ్డే మొన్న నా పక్కన కూర్చుని, గంటన్నర చాలు పిన్నీ, అమ్మ రమ్మంటోంది అంది. ఇక్కడి నుంచి ఓర్వకల్లు చేరడానికే అంతకంటె ఎక్కువ పడుతుందని నవ్వుకున్నాము. గుంట పూడ్చి బండలు పరిచి చాలా కాలమైంది, నన్ను పట్టి ఉంచే పడుగు లేదు, అయినా అమ్మ సంచి తీసి సర్దుతున్నాను, మళ్లీ విప్పుతున్నాను.

పటం మీద నూలు పరిచినా కోప్పడని గ్రంథాలయం అయ్యవారికి, ఫోను చూపించిన అక్క కూతురికి, ఇన్నేళ్లుగా పిలవడం మానని అక్కకు నమస్కారాలు. అందరికంటె ముందు అమ్మకు, ఆ పోగును నవ్వి పారేయకుండా, సంచి పిడికి ముడేసుకున్నందుకు.