కాస్త లైటు చూసుకుంటానండి

నా చిన్నప్పుడు కొత్తపేట మెయిన్ రోడ్డు మీద మా మావయ్యకి ఒక ఫోటో స్టూడియో ఉండేది. స్టూడియో అనగానే పెద్దగా ఊహించుకోకండి. ముందు గదిలో ఒక బల్ల, రెండు కుర్చీలు, గోడ నిండా రంగులతో గీయించిన నీలం సరస్సు, పరదా వెనక నెగెటివ్‌లు కడిగే చీకటి గది, అంతే. మా ఇల్లు ఆ వీధిలోనే కాబట్టి బడి లేనప్పుడల్లా నేను అక్కడే ఉండేదాన్ని. ఉండి ఊరుకునేదాన్ని కూడా కాదు. ఫోటోకి వచ్చినవాళ్ళకి బొట్టు వంకరగా ఉందనీ, ఆ చొక్కా వాళ్ళకి నప్పలేదనీ మొహం మీదే చెప్పేదాన్ని. మావయ్య నన్ను కసిరేవాడు కాదు. "దానికి కళ్ళు మంచివండి, నోరే కొంచెం తొందర" అని వాళ్ళకి సర్దిచెప్పి పంపేవాడు.

అప్పటికే అమలాపురంలో కలర్ ల్యాబులు వచ్చేశాయి. పెళ్ళికి వీడియో కూడా తీస్తామని గోడల మీద రాయించుకునేవాళ్ళు, కొత్త సంవత్సరానికి దేవుడి బొమ్మ క్యాలెండర్లు పంచేవాళ్ళు. మావయ్య ఒక్క క్యాలెండర్ కూడా పంచలేదు. అయినా చుట్టుపక్కల ఊళ్ళలో పెళ్ళి కుదిరితే ముహూర్తం పెట్టుకున్న మర్నాడే మా కొట్టుకి మనిషి వచ్చేవాడు. అదెలాగో చాలామందికి అర్థమయ్యేది కాదు. నాకు అర్థమైందని నేను అనుకున్నాను. ఈ కథంతా అక్కడే ఉంది.

మావయ్యకి ఒక అలవాటుండేది. పెళ్ళిలో తీయవలసినవన్నీ తీసేశాక, జనం భోజనాలకి లేచే వేళకి, ఆయన కెమెరా మెడలో వేసుకుని పెరట్లోకి వెళ్ళేవాడు. మంటపం మీదికి ఎవరూ పిలవని మనుషులు అక్కడుంటారు. ముఖ్యంగా భర్త పోయిన ముసలమ్మలు. శుభమా అని పెళ్ళి జరుగుతుంటే ఆ ఫోటోల్లో మేమెందుకని వాళ్ళంతట వాళ్ళే తప్పుకుని, అరటికాయలు తరుగుతూనో ఆకులు తుడుస్తూనో కూర్చునేవాళ్ళు. పైగా ఫోటో తీస్తే ఆయుష్షు తగ్గుతుందని వాళ్ళలో సగంమందికి భయం. అందుకని మావయ్య ఫోటో అనే మాటే ఎత్తేవాడు కాదు. "అమ్మగారూ, కాస్త ఇటు తిరిగి కూర్చోండి. లైటు చూసుకుంటానండి" అనేవాడు. నేను తెల్లటి థర్మోకోల్ అట్ట పట్టుకుని, ఆ మొహం మీదికి వెలుతురు మళ్ళేలా పక్కన నిలబడేదాన్ని. ఒక్క క్లిక్కు. ఆ నెగెటివ్‌ని కాగితం కవర్లో పెట్టి, పైన ఊరి పేరూ ఇంటిపేరూ రాసి, రేకు పెట్టెలో దాచేవాడు.

కొన్నాళ్ళకో కొన్నేళ్ళకో ఆ ఇంటి మనుషులు వచ్చేవాళ్ళు. చేతిలో మాసిపోయిన రేషన్ కార్డు ఫోటోనో, గుంపులో సగం చెవి మాత్రమే కనిపించే పాత ఫోటోనో ఉండేది. దీన్ని ఏమైనా పెద్దది చేయగలరా అని బతిమాలుతున్నట్టు అడిగేవాళ్ళు. మావయ్య లేచి రేకు పెట్టె తెరిచేవాడు. మీసాలు నెరిసిన మగవాళ్ళు ఆ నీలం సరస్సు ముందు కూర్చుని వెక్కివెక్కి ఏడవడం నేను చూశాను. ఆ తరవాత ఆ ఇంటివాళ్ళు బారసాలకైనా పెళ్ళికైనా ఇంకో స్టూడియో గడప తొక్కేవాళ్ళు కాదు. నేను క్లాసులో ఫస్టు కదా, ఈ రెండిటినీ కలిపేసుకున్నాను. మావయ్య వ్యాపారమంతా ఆ రేకు పెట్టెలోనే ఉందని మా అమ్మకి గొప్పగా చెప్పాను కూడా.

ఆరో తరగతి అయిన వేసవిలో ముక్తేశ్వరంలో ఒక రైతుగారింట పెళ్ళికి వెళ్ళాం. కొబ్బరితోటలున్న పెద్ద కుటుంబం. వాళ్ళింట్లో ఏ కార్యమైనా మావయ్యే తీసేవాడు. ఆ చుట్టుపక్కల ఊళ్ళలో ఉన్న వాళ్ళ బంధువులందరూ కూడా వాళ్ళ మాట మీద మా దగ్గరికే వచ్చేవాళ్ళు. ఆ ఇంటి పెద్దవాళ్ళలో మా పెట్టెలో కవరు లేనిది ఒక్క మామ్మగారికే. పెళ్ళికూతురికి నాయనమ్మ. మూడు పెళ్ళిళ్ళలో ప్రయత్నించినా ఆవిడ నవ్వి మొహం తిప్పేసుకునేది. కాలవగట్టు మీద మోపెడ్ నడుపుతూ మావయ్య నాతో అన్నాడు, ఈసారి ఎలాగైనా ఆవిడది తియ్యాలమ్మా, మనిషి బాగా తగ్గిపోయింది అని.

మామ్మకీ నాకూ మంచి స్నేహం. ఇద్దరివీ ఒకే రకం నోళ్ళు. పెరట్లో పీట మీద కూర్చుని అరటికాయల చెక్కు తీస్తూ, నేను అట్ట పట్టుకుని రాగానే నా చేతిలో ఒక బెల్లం ముక్క పెట్టింది.

"ఏవే, మీ మావయ్యకి లైటు నా మొహం మీదే కనపడతాదా? పెళ్ళికూతురి మొహం మీద లేదా?" అంది.

"ఆవిడ మొహం నిండా పౌడరేనండి" అన్నాను.

మామ్మ పకపకా నవ్వింది. మూడు పెళ్ళిళ్ళ నుంచీ చూస్తున్నాడు, ఇంకెన్నాళ్ళు చూస్తాడో పాపం అని వెక్కిరించింది. అంత తెలివైన మనిషి మా మాట నమ్మి అలా వెక్కిరిస్తుంటే నాకు ఆగలేదు. నిజం నాకు తెలుసని ఆవిడకి తెలియాలి. "లైటు కాదు మామ్మా, మీ ఫోటోయే" అనేశాను. ఆవిడ నవ్వుతూనే అరచెయ్యి ఎత్తి మొహానికి అడ్డం పెట్టుకుంది. అదే క్షణంలో నా వెనక మావయ్య కెమెరా క్లిక్కు వినిపించింది.

అక్కడ ఆగినా సరిపోయేది. "అందరి మామ్మలవీ మా పెట్టెలో ఉన్నాయి. మీరు పోయేక మీవాళ్ళు మా దగ్గరికే కదా వస్తారు" అన్నాను.

ఆవిడ చెయ్యి దించింది. నన్ను చూడలేదు, మావయ్యని చూసింది. ముందు వాకిట్లో సన్నాయి మోగుతూనే ఉంది.

"ఆయ్. అలాగా బాబూ" అంది.

చేతిలో కాయ పళ్ళెంలో పెట్టి, మోకాలి మీద చెయ్యి ఆన్చుకుని లేచి లోపలికి వెళ్ళిపోయింది. మేము బయలుదేరేదాకా మళ్ళీ బయటికి రాలేదు. భోజనాల దగ్గర వాళ్ళబ్బాయిగారు మాకు దగ్గరుండి వడ్డించారు. దాన్నిబట్టి ఆవిడ ఎవరికీ ఏమీ చెప్పలేదని తెలిసింది. తిరిగి వచ్చేటప్పుడు నేను దారంతా వాదించాను, నేనన్నదాంట్లో అబద్ధమేముందని. మావయ్య, గాలి ఎక్కువగా ఉంది, అట్ట గట్టిగా పట్టుకోమని మాత్రం అన్నాడు.

వానలు వెనకపట్టాక మామ్మ పోయింది. మూడోనాడో నాలుగోనాడో వాళ్ళబ్బాయిగారు కొట్టుకి వచ్చారు. మీరు అందరివీ తీస్తారు కదండీ, అమ్మ ఫోటో మీ దగ్గర ఉంటుందని ఇంట్లో చెప్పేసి వచ్చేనండి అన్నారు. నేను చీకటి గది పరదా వెనక ఉన్నాను. మావయ్య రేకు పెట్టె వైపు చూడనైనా చూడలేదు.

"తీసేనండి. రీలు పాడైపోయింది. తప్పు నాదేనండి" అన్నాడు.

అబ్బాయిగారు ఆ సరస్సు బొమ్మ వంక తిరిగారు. "ఊళ్ళో అందరి అమ్మలవీ బాగానే ఉన్నాయి కదండీ. మా అమ్మదొక్కటే పాడైపోయిందాండీ?" అన్నారు.

నేను పరదా తొలగించి బయటికి రాబోయాను. మావయ్య వెనక్కి తిరక్కుండానే చెయ్యి చాపి, పరదాని అంచు దగ్గర గట్టిగా పట్టుకున్నాడు.

పెదకర్మ నాడు ఆ ఇంట్లో కుర్చీ మీద మామ్మ చీర మడిచి పెట్టి దానికే దండ వేశారని తరవాత తెలిసింది. మరుసటి ఏడు వాళ్ళ రెండో అమ్మాయి పెళ్ళికి అమలాపురం నుంచి వీడియోవాళ్ళు వచ్చారు. ఆ బంధువుల ఇళ్ళ నుంచి కూడా పిలుపులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. నేను కాలేజీకి వెళ్ళేనాటికి మావయ్య కొట్టు పాస్‌పోర్టు ఫోటోలకి దిగింది. గల్ఫు వెళ్ళేవాళ్ళు వచ్చి, ఒకసారి తీయించుకుని వెళ్ళిపోయేవాళ్ళు.

నేను ఒక్కసారే అడిగాను, ఆయన్ని. అడగడం కాదు, ఏడుస్తూ దెబ్బలాడాను. అన్నది నేనని చెప్పేస్తే పోయేదిగా, ఎందుకు అబద్ధమాడావని. మావయ్య లెన్సు తుడుచుకుంటూ, వాళ్ళమ్మ ఆ రోజు లోపలికి ఏ మనసుతో వెళ్ళిందో వాళ్ళకి తెలీదమ్మా, ఫోటో లేదన్న బాధ ఒక్కటి చాలు వాళ్ళకి అన్నాడు. నాకు అదీ చాలలేదు. మరి నువ్వు తీసేది వాళ్ళు మన దగ్గరికి రావాలనే కదా, నేనన్నది నిజమే కదా అన్నాను. ఆయన లెన్సు బల్ల మీద పెట్టాడు.

"వస్తారు. వస్తారని తియ్యలేదు. ఆ మాట ఇంక మామ్మగారికి ఎలా చెప్పనమ్మా?"

ఇప్పుడు అమలాపురంలో నాకో టైలరింగ్ కొట్టుంది. ఇద్దరు ఆడపిల్లలు పనిచేస్తారు. మొన్న ఒక కుర్రాడు వచ్చి, కస్టమర్లతో రిలేషన్ పెంచుకోవాలి మేడమ్, పుట్టినరోజులకి మెసేజీలు మేం పంపిస్తాం అన్నాడు. ఎవరి పుట్టినరోజు ఎప్పుడో నీకు గుర్తుంటుందా, నీ కంప్యూటర్‌కి గుర్తుంటుందా అని వాణ్ణి నిలబెట్టి కడిగేశాను. నా నోరు మారలేదు. మారిందని ఎవరైనా అంటే మా ఆయనే ఒప్పుకోడు. కానీ కొలతలిచ్చే మనిషి చీర కొంగు సర్దుకుంటూ ఇంటి సంగతి ఏదైనా చెప్తే, ఒక మాట అంటాను, రెండోది నాలిక మీదే ఆపేస్తాను. ఆపడం ఇప్పటికీ కష్టమే.

మావయ్య పోయాక ఇంట్లోవాళ్ళు ఆ రేకు పెట్టె నాకిచ్చారు. ముక్తేశ్వరం కవరు అందులోనే ఉంది. పారేయలేదు ఆయన. ఆ నెగెటివ్‌ని ప్రింటు తీయించి, సుద్దలూ టేపూ పెట్టుకునే సొరుగులో ఉంచాను. కళ్ళకీ ముక్కుకీ అడ్డంగా ముడతలు పడిన అరచెయ్యి, వేళ్ళకి అంటుకున్న అరటికాయ జిగురు, చెయ్యి కింద నోరంతా తెరిచి నవ్వుతున్న నవ్వు. నేనన్న రెండు మాటలకీ మధ్య తీసిన ఫోటో అది. ఆ ఇంటివాళ్ళకి ఇచ్చేద్దామని రెండుసార్లు బస్టాండు దాకా వెళ్ళి వెనక్కి వచ్చేశాను. ఆవిడ చెయ్యి ఎందుకు అడ్డం పెట్టుకుందని అడుగుతారు. మావయ్యలా అబద్ధం చెప్పడం నాకు రాదు.