దుఖాన్‌లో నేను తిరిగి విసిరిన బంతి

బేస్‌బాల్ అనే ఆట నాకు ఈ రోజుకీ సగమే అర్థమైంది. ఆ సగం కోసం అక్టోబరు నుంచి మార్చి దాకా ఒక సీజన్ మొత్తం, శుక్రవారం వస్తే చాలు, ఖతార్ నాలుగు మూలలా తిరిగాను. ఇదంతా ఒక బస్సు వల్ల వచ్చింది. నేను పైపులైన్లు వేసే కంపెనీలో డ్రాఫ్ట్స్‌మన్‌ని. చమురు ధర ఎగబాకుతున్న కొద్దీ మాకు పని పెరిగి, వారానికి మిగిలేది ఒక్క శుక్రవారమే. ఆ రోజు దోహాలో మనవాళ్ళ హోటళ్ళుండే నజ్మా పేటకు పోయి కడుపునిండా తిని, ఇంటికి ఫోన్ చేసుకుని రావడం నా అలవాటు. ఒక శుక్రవారం ఉమ్ ఘువైలినాలో మా ఫ్లాట్ ముందు కంపెనీ బస్సులు రెండు నిలబడ్డాయి, రెండూ ఒకే రంగు. నజ్మా బస్సు అనుకుని ఎక్కాను. ఎర్ర టోపీల వాళ్ళు పదిహేను మంది నన్ను చూసి నవ్వారు గానీ దిగమని ఎవరూ అనలేదు. అది మదీనత్ ఖలీఫా దాటాక ఒక ఖాళీ మైదానం దగ్గర ఆగింది. మూడు గంటలు చూశాను. ఏమీ అర్థం కాలేదు. నాకొక జబ్బుంది, అర్థం కానిది కళ్ళ ముందు జరుగుతుంటే వదిలిపెట్టలేను.

మా కంపెనీ జట్టులో ఎక్కువమంది ఫిలిప్పీన్స్ వాళ్ళు, ముగ్గురు కొరియా వాళ్ళు, పొడుగాటి అమెరికన్ ఒకాయన. చమురు, గ్యాసు కాంట్రాక్టు కంపెనీల జట్లు ఒక లీగ్‌గా ఏర్పడి చలికాలమంతా ఆడుకుంటాయి. క్రికెట్ తెలిసినవాడికి బేస్‌బాల్ సులువని ఎవరైనా అంటే నమ్మకండి. క్రికెట్ తెలియడమే నా కొంప ముంచింది. బ్యాటు పట్టినవాడు బంతిని వెనక్కి ఎగరగొడితే నేను ఒక్కణ్ణే చప్పట్లు కొట్టాను, అందరూ తిరిగి చూశారు, ఆ దెబ్బ లెక్కలోకి రాదట. పరుగెత్తేటప్పుడు బ్యాటు పారేస్తాడేమిటి? గంటసేపు ఆడినా స్కోరు సున్నాయేమిటి? బంతి దూరంగా వేస్తే నాలుగోసారికి దర్జాగా నడుచుకుంటూ పోతాడేమిటి? ఒకడు ఎవరూ చూడనప్పుడు దొంగలా తర్వాతి బేస్‌కు, నా భాషలో మెట్టుకు, ఉరికితే అరవాల్సింది పోయి మెచ్చుకుంటారేమిటి? ఇవన్నీ రాసుకోవడానికి ఒక చిన్న నోటు పుస్తకం కొన్నాను. వారానికి ఒక సందేహం తీరితే రెండు కొత్తవి చేరేవి. మెట్‌పల్లి నుంచి మా అక్క ఫోన్లో, "ఏందిరా, దుబాయిల గిల్లిదండ ఆడుతున్నరా?" అని అడిగింది. ఖతార్ అని చెప్పీ చెప్పీ అలిసిపోయాను కాబట్టి అవునన్నాను.

అయినా పోతూనే ఉన్నాను. పన్నెండు ఆటల్లో పదకొండు చూశాను. అందుకు కారణం పార్క్ సార్. ఆయన మా వెల్డింగ్ ఇన్‌స్పెక్టర్, కొరియా మనిషి, యాభైకి దగ్గర. కుర్రతనంలో వాళ్ళ దేశంలో జీతం తీసుకుని నాలుగేళ్ళు ఈ ఆట ఆడాడట. ఇప్పుడు రెండు మోకాళ్ళకూ పట్టీలు. ఆటలో మిగతా అంతా గందరగోళంగా కనిపించినా, ఆయన బ్యాటు పట్టుకుని నిలబడితే మాత్రం ఏదో జరగబోతోందని నాలాంటివాడికి కూడా తెలిసేది. మార్చి నెలాఖరుకి మా ప్రాజెక్టు అయిపోతోంది. ఆయన ఇంటికి, జట్టు తలోదిక్కుకీ. లీగ్‌లో మా చివరి ఆట దుఖాన్‌లో. గెలిస్తే మరుసటి శుక్రవారం ఫైనల్, ఓడితే పార్క్ సార్ బ్యాటు పట్టడం అదే ఆఖరు. జట్టు బస్సులో చోటు లేదన్నారు. నా ఏర్పాటు నేనే చేసుకున్నాను.

దుఖాన్ దోహాకి పడమటి వైపు, ఎనభై కిలోమీటర్ల పైమాట, అవతలి సముద్రం ఒడ్డున ఉన్న పాత చమురు ఊరు. నజ్మాలో జుమ్మా నమాజు అయ్యాక షేర్ కార్లు బయల్దేరతాయి. రానూపోనూ మనిషికి ఇరవై అయిదు రియాల్స్ అడుగుతారు. నేను నిజామాబాద్ వైపు నుంచి వచ్చిన ఖాజా భాయ్ కారు మాట్లాడుకున్నాను. ఆయన తెలుగూ దక్ఖనీ కలిపి మాట్లాడతాడు, కారు మాత్రం ఒకే స్పీడులో నడుపుతాడు. పన్నెండున్నరకు ఎనిమిది రియాల్స్‌కి బిర్యానీ పొట్లం కట్టించుకున్నాను. వెనక సీట్లో దుఖాన్ క్యాంపుకు పోయే ముగ్గురు, ముందు నేను.

"ఏం భాయ్, ఇయ్యాల గూడ గదే ఆటనా?" అన్నాడు ఖాజా భాయ్.

"ఇయ్యాల గెలిస్తే ఫైనల్."

"గెలిస్తే వాళ్ళకేమిస్తరు?"

"కప్పు."

"నీకు?"

"నాకేమిస్తరు, నేను చూసేటోన్ని."

"ఆట సమజైతదా?"

"కాదు."

ఖాజా భాయ్ రోడ్డు మీంచి చూపు తిప్పి నన్ను చూశాడు. "అల్లా! సమజ్ గాని ఆటకు, ఎవరో గెల్సుడు కోసం, శుక్రవారం నిద్ర ఖరాబ్ చేస్కొని పోతున్నవా? నీకన్న నా బండి నయం, పెట్రోల్ పోస్తెనే నడుస్తది." వెనక ముగ్గురూ నవ్వారు. నేనూ నవ్వాను.

రయ్యాన్ దాటాక ఊరు పలచబడుతుంది. షహానియా దగ్గర పందెపు ఒంటెలు రోడ్డు దాటుతుంటే పది నిమిషాలు ఆగాం. వాటి మీద మనుషులకు బదులు టోపీలు పెట్టిన చిన్న మరబొమ్మలు కూర్చున్నాయి. ఎవరు ఎవర్ని నడుపుతున్నారో తెలియలేదు. అది ఇంకో ఆట, దాని జోలికి పోదలచుకోలేదు. అక్కడే రియాలుకి కడక్ చాయ్ తాగాం. ఆ తర్వాత ఒక గంట రాళ్ళు, ఇసుక, దూరంగా మండుతున్న గ్యాసు మంటలు తప్ప చూడ్డానికేమీ లేదు. నిద్రపోవాలనుకుంటే ఆ గంటలోనే పోండి. దుఖాన్ గేటు దగ్గర గుర్తింపు కార్డు చూపించాలి, ఎవర్ని కలవాలో చెప్పాలి. నా కంపెనీ కార్డు చూసి వదిలారు. రెండున్నరకు మైదానం చేరాను. "ఆరు గంటలకు సవారీలతోటి వాపస్ పోత. ఆట అయినా కాకున్నా యల్లా," అని ఖాజా భాయ్ గట్టిగా చెప్పాడు.

ఆ మైదానానికి కంచె లేదు. చివర్లో తెల్ల రంగు వేసిన నూనె డ్రమ్ములు వరసగా పెట్టారు, అంతే. డ్రమ్ముల అవతల ఒక నీళ్ళ ట్యాంకర్ ఆగి ఉంది. నీడ దానికొక్కదానికే ఉంది కాబట్టి నేను పోయి దాని పక్కన కూర్చున్నాను. మా జట్టు స్కోరు రాసే జోయెల్ అటుగా వచ్చాడు. స్టోర్సులో పనిచేస్తాడు, నా సందేహాలన్నీ ఓపికగా వినేది అతనొక్కడే. గల్ఫులో అందరం మాట్లాడే కలగూరగంప భాషలోనే హెచ్చరించాడు. "మై ఫ్రెండ్, ఇదర్ ఫెన్స్ మాఫీ. డ్రమ్ ఓన్లీ షో. బాల్ గోయింగ్, మ్యాన్ రన్నింగ్." మాఫీ అంటే లేదని, అంతవరకూ తెలుసు. నేను తల ఊపి పుస్తకంలో అలాగే రాసుకున్నాను. రాసుకుంటే అర్థమైనట్టే అనుకోవడం నా రెండో జబ్బు.

మూడింటికి మొదలైంది. ఎప్పటిలాగే చాలాసేపు ఏమీ జరగలేదు, ఉన్నట్టుండి అన్నీ జరిగాయి. మా బౌలర్, అంటే బంతి విసిరేవాడు, మధ్యలో మారిపోయాడు. ఎందుకో తెలియలేదు. అమెరికన్ నేల మీద పొర్లి లేచి ప్యాంటు దులుపుకుంటుంటే మావాళ్ళు గంతులేశారు. నేనూ ఒక గంతు వేశాను. అయిదుంపావు అయ్యేసరికి వాళ్ళకు నాలుగు పరుగులు, మాకు మూడు. మాకు మిగిలింది ఆఖరి వంతు. అందులో ఇద్దరు అప్పటికే ఔట్, మూడోవాడు ఔటైతే కథ ముగుస్తుంది. అప్పుడు పార్క్ సార్ వచ్చాడు.

రెండు బంతులు వదిలేశాడు. మూడోదాన్ని కొట్టాడు. ఆ చప్పుడు నాకింకా చెవిలో ఉంది. బంతి ఎడమవైపు ఫీల్డర్ తల మీంచి ఎగిరి, డ్రమ్ముల ఇవతల పడి, రెండు డ్రమ్ముల మధ్య నుంచి నేరుగా నా దగ్గరికి దొర్లుకుంటూ వచ్చింది. "ఫోర్!" అని అరిచాను. లేచి, వంగి, బంతి పట్టుకుని, వెనక పరుగెత్తుకొస్తున్న ఫీల్డర్‌కి సరిగ్గా గుండెల మీదికి విసిరాను. అంత బాగా నేనెప్పుడూ విసరలేదు. చిన్నప్పటి నుంచి గీత అవతల నిలబడ్డ ప్రతివాడూ చేసే పనే నేనూ చేశాను. చేతులు వాటంతటవే చేశాయి.

పార్క్ సార్ మూడో మెట్టు దాటి, కుంటుతూ, తొక్కితే ఒక పరుగు వచ్చే ఇంటి మెట్టు వైపు వస్తున్నాడు. అంపైర్ రెండు చేతులూ పైకెత్తాడు. అందరూ అరుస్తున్నారు, సగంమంది నా వైపు చూపిస్తున్నారు. అంపైర్ పార్క్ సార్ దగ్గరికి నడిచి ఏదో చెప్పి, వేలితో రెండో మెట్టు చూపించాడు. పార్క్ సార్ వచ్చిన దారినే వెనక్కి నడిచాడు. పరుగెత్తినవాణ్ణి వెనక్కి పంపడమేమిటని నాకు ఒళ్ళు మండింది. "అన్యాయం!" అని తెలుగులోనే అరిచాను. తర్వాత వచ్చిన కుర్రాడు బంతిని ఆకాశంలోకి లేపాడు, కింద ఒకడు తీరిగ్గా పట్టుకున్నాడు. అయిపోయింది.

నేను జోయెల్ దగ్గరికి పరుగెత్తాను. "ఎందుకు వెనక్కి పంపారు?"

అతను పెన్సిలుతో నన్నే చూపించాడు. "తుమ్ బాల్ టచ్. బాల్ ఖలాస్. పబ్లిక్ టచ్, అంపైర్ గివ్ టూ బేస్ ఓన్లీ."

"నేను టచ్ చేయకపోతే?"

"బాల్ గోయింగ్, గోయింగ్. పార్క్ కమింగ్ హోమ్. ఫోర్, ఫోర్. సేమ్."

పుస్తకంలో మధ్యాహ్నం రాసుకున్న మాట అదే. బాల్ గోయింగ్, మ్యాన్ రన్నింగ్. డ్రమ్ములు బౌండరీ కాదు, బంతి ఎంత దూరం పోతే మనిషి అంత దూరం పరుగెత్తవచ్చు. సీజన్ మొత్తం ఏ మనిషి కోసం తిరిగానో ఆ మనిషి ఆఖరి పరుగుని నా చేతులతో నేనే ఆపేశాను. ఏడుపు వచ్చింది. దాచుకోలేదు కూడా.

పార్క్ సార్ బస్సు మెట్ల మీద కూర్చుని మోకాళ్ళకు ఐసు పెట్టుకుంటున్నాడు. నేను ఎదురుగా నిలబడి, "సార్, బంతి విసిరింది నేనే," అన్నాను.

"ఐ నో," అన్నాడు. ఐసు సంచి రెండో మోకాలికి మార్చి, "వై?" అన్నాడు. కోపంగా కాదు, నిజంగా అర్థం కాక అడిగాడు. వాళ్ళ దేశంలో బంతి జనంలోకి వస్తే దొరికినవాడు ఇంటికి పట్టుకుపోతాడట, ఎవడూ తిరిగి ఇవ్వడట. నాకొచ్చిన ఇంగ్లీషులో చెప్పాను. మా ఊళ్ళో అందరికీ కలిపి ఒక్కటే బంతి, అది తిరిగి విసరకపోతే ఆట అక్కడితో ఆగిపోతుంది. అందుకని బయట నిలబడ్డవాడి మొదటి పని బంతి వెనక్కి ఇవ్వడం. ఆయన విన్నాడు. ఎంత అర్థమైందో తెలియదు. ఐసు సంచి పక్కన పెట్టి లేచాడు.

"షో మీ. వేర్?"

ఇద్దరం ట్యాంకర్ దాకా నడిచాం. నేను కూర్చున్న చోటు, బంతి పట్టుకున్న చోటు చూపించాను. ఆయన జేబులోంచి ఒక బంతి తీసి సరిగ్గా అక్కడ పెట్టాడు. బూటు కొనతో కొంచెం తోశాడు. నేల సముద్రం వైపు వాలుగా ఉంది. బంతి మెల్లగా దొర్లి, ట్యాంకర్ కిందికి పోయి, అవతల చక్రానికి తగిలి ఆగింది. ఫీల్డర్ దాని కిందికి దూరి తీసేలోపు మనిషి ఇల్లు చేరిపోతాడు. ఆయన వంగి చూసి, "ఊఁ," అన్నాడు.

తర్వాత ఒక్కడే మైదానంలోకి నడిచాడు. మెట్లు అప్పటికే పీకి బస్సులో వేసేశారు, ఇసుకలో వాటి గుర్తులే మిగిలాయి. రెండో గుర్తు దగ్గర ఒక్క క్షణం నిలబడ్డాడు. అక్కణ్ణుంచి మూడోదానికి, మూడోదాన్నుంచి ఇంటికి, పరుగు కాదు, నడక, ఒక్కో అడుగూ మోకాలు పట్టుకుంటూ. చివరి గుర్తు మీద కాలు మోపి ఆగాడు. సూర్యుడు సముద్రంలోకి దిగుతున్నాడు. స్కోరు రాయడానికి జోయెల్ లేడు, పుస్తకం సర్దేశాడు. నేను ట్యాంకర్ పక్కన నిలబడి ఒక్కణ్ణే చప్పట్లు కొట్టాను. ఈసారి సరైన చోటే కొట్టానా అని ఎవర్నీ అడగలేదు.

ఆరింటికి ఖాజా భాయ్ హారన్ కొట్టాడు. "గెలిచిండ్రా?" అని అడిగితే "సమానం," అన్నాను. "సమానమైతే మంచిదే గద," అన్నాడాయన, బండి స్టార్ట్ చేస్తూ. దారంతా ఆలోచించాను. ఆరు నెలలు ఆ ఆట వెనక తిరిగి నేర్చుకున్నదేమిటో ఇప్పటికీ తెలియదు. నా పుస్తకంలో నలభైకి పైగా సందేహాలు అలాగే ఉన్నాయి. పార్క్ సార్ నన్ను మన్నించాడో, తన లెక్క తను చూసుకున్నాడో, అది కూడా వాటిలో చేరింది. ఆ నెలాఖరుకి ఆయన వెళ్ళిపోయాడు, నేను మరో ప్రాజెక్టులో పడ్డాను. శుక్రవారాలు మళ్ళీ నజ్మాకి పోతున్నాను, బస్సు రెండుసార్లు చూసి మరీ ఎక్కుతున్నాను.

దుఖాన్‌లో ఆట చూడాలనుకునేవాళ్ళకు ఒక్క మాట. మధ్యాహ్నం నీడ ట్యాంకర్ దగ్గరే ఉంటుంది, హాయిగా కూర్చోండి. కానీ చేతులు జేబుల్లో పెట్టుకోండి. బంతి మీ వైపు వస్తే కాళ్ళు ఎత్తి దారివ్వండి. అవతల చక్రం దాకా దాన్ని పోనివ్వండి.