రాగుల పాతర

కురబలకోట దగ్గర మా ఇంట్లో రాగులను నేలలో తవ్విన పాతరలో దాచుకుంటాం. మూత తీశాక ముందుగా దీపం దించాలి. ఆరిపోతే లోపల విషగాలి ఉన్నట్టు, ఎవరూ దిగకూడదు.

ఆ ఉదయం అత్తమ్మ వత్తి వేస్తుంటే మా మరిది నవ్వాడు. "దీపం యాలమ్మా? సెల్లులో లైటుండాది!" అని సెల్లును తాడుకు కట్టి దించాడు. "సూడు, ఆరలేదు గదా!" అంటూ తానూ దిగి, కుప్పకూలిపోయాడు.

తమ్ముడి కోసం దిగబోయిన మా ఆయనను అత్తమ్మ వాటేసుకుంది. "వద్దప్పా, నువ్వూ పోతావు!" అని ఏడుస్తూనే వదల్లేదు. ఊరివాళ్లు వచ్చి పైకి తీసేసరికి మరిది ప్రాణం పోయింది.

ఆమె వల్లే నా పసుపుకుంకుమలు నిలిచాయి. రోజూ పూజలో ఆమెను తలచుకుని దండం పెట్టుకుంటాను. ఆమెతో మాత్రం ఆ మాట అనలేను. "చిన్నోణ్ణి నేనే వదిలేసినానమ్మా" అని ఆమె ఏడుస్తుంటే పక్కన కూర్చుంటాను, అంతే.