తల లేని అక్షరాలు

శనివారం ఉదయం 9.20కి పెండిల్ హిల్‌లో రైలెక్కాను. చేతిసంచిలో డైరీ, భూతద్దం, థాయ్ వాచకం, మజ్జిగ సీసా. సిడ్నీ సెంట్రల్ స్టేషన్ దాకా ముప్పావు గంట ప్రయాణం.

కారణం ఒక శుభలేఖ. మా మనవరాలు మేఘన పెళ్లి మర్నాడే, హెలెన్స్‌బర్గ్ గుడిలో. పెళ్లికొడుకుది థాయ్‌లాండ్. వాళ్ల పెద్దల పేర్లు పెళ్లిలో పైకి చదివే పని నాది. ఇంగ్లీషులో రాసిస్తానంది మేఘన. వద్దన్నాను. ఇంగ్లీషులో పడితే మన పేర్లే మనవి కాకుండా పోతాయి. ఆరు నెలలు కూర్చుని లిపి నేర్చుకున్నాను. మనలాగే క వర్గం, చ వర్గం అనే వరుస కాబట్టి పెద్ద కష్టమనిపించలేదు.

కష్టం శుభలేఖతో వచ్చింది. వాచకంలో దాదాపు ప్రతి అక్షరానికీ ఒక చిన్న సున్న ఉంటుంది. దాన్ని తల అంటారు, రాత అక్కడ మొదలవుతుంది. శుభలేఖ మీది అలంకారపు థాయ్ అక్షరాలకు తలలే లేవు. నానా తంటాలు పడి మిగతా పేర్లు పోల్చుకున్నాను. పెళ్లికొడుకు అమ్మమ్మగారి పేరు మాత్రం తేలిగ్గా దొరికింది. ముందు డబ్ల్యూ, ఎస్ అని రెండు ఇంగ్లీషు అక్షరాలు, కాస్త ఎడం, తర్వాత పొడుగాటి పేరు. ఇనిషియల్స్ అనుకుని డైరీలో 'డబ్ల్యూ.ఎస్.' అని ఎక్కించాను.

ఎనభై దాటిన ఆవిడ మొదటిసారి విమానమెక్కి మొన్ననే దిగారు. ఇంగ్లీషు రాదు. రేపటి పెళ్లిలో నా నోట ఆవిడకు అర్థమయ్యే మాట తన పేరొక్కటే. అందుకే ఇలాంటి అక్షరాలున్న బోర్డుల మధ్య ఒక పూట తిరిగి తడుముకోకుండా చదవడం అలవాటు చేసుకోవాలనుకున్నాను.

పెండిల్ హిల్‌లో మసాలా దుకాణం నడిపే హైదరాబాదు సలీం ఎదురు సీట్లో ఉన్నాడు. నా వాచకం చూసి, "క్యా అంకుల్, ఈ ఏజ్‌ల ఎగ్జామా?" అన్నాడు.

"రేపే. తప్పితే సప్లిమెంటరీ కూడా లేదు."

"పాసయితే స్వీటు నాకే ఇయ్యాలె," అని పారమట్టాలో దిగిపోయాడు.

10.10కి సెంట్రల్. అక్కణ్ణుంచి ఐదు నిమిషాల నడకలో థాయ్ దుకాణాల వీధి. ఒక్కో బోర్డు ముందు నిలబడి అక్షరాలు డైరీలోకి దించి, తల ఎక్కడుండేదో ఊహించి పెట్టుకుంటూ పోయాను. పద్నాలుగు బోర్డుల్లో తొమ్మిది చదవగలిగాను.

11.40కి ఒక చిన్న హోటల్లో కూరగాయల అన్నం చెప్పాను. గోడ మీది బోర్డులో పెద్దగా అవే రెండు అక్షరాలు, డబ్ల్యూ, ఎస్.

"మీ ఇనిషియల్సా?" అని యజమానురాలిని ఇంగ్లీషులో అడిగాను. అరవై ఏళ్లుంటాయి ఆవిడకు. ముందు అర్థం కాలేదు, అయ్యాక కుర్చీలో కూలబడి నవ్వింది.

"అది ఇంగ్లీషు కాదు, థాయ్. నా పేరు."

నా కలం తీసుకుని రెండు అక్షరాలకూ తలలు పెట్టింది. ఆరు నెలలుగా దిద్దిన అక్షరాలు నా మొహంలోకి చూశాయి.

"ఫ... ర... ఫర్," అన్నాను.

"చివర్లో ర వస్తే న అంటాం. ఫోన్. మీ టెలిఫోన్‌లా కాదు, పెదవులు కలవాలి."

అర్థం అడిగాను. "దేవుడో పెద్దవాళ్లో ఇచ్చేది. పెళ్లయ్యేవాళ్లకు ఇస్తారు చూడండీ... మీ దేశం నుంచి వచ్చిన మాటేనని మా గుడిలో చెప్పేవారు."

వరం. అమ్మమ్మగారి పేరూ అదే, వెనకున్న పొడుగాటిది ఇంటిపేరు. రేపు అందరి ముందు ఆవిడ పేరు తీసేసి రెండు ఇంగ్లీషు అక్షరాలు చదివేవాణ్ణి. అన్నం చల్లారిపోయింది. యజమానురాలు నాచేత పదకొండుసార్లు పలికించింది. "పాట పాడకండి. గొంతు ఎత్తకుండా, దించకుండా తిన్నగా పలకండి," అంటూ దిద్దింది. పన్నెండోసారి తల ఊపింది. దాన్ని రికార్డు చేసి మేఘనకు పంపాను.

తిరుగు రైలు 1.50కి. స్ట్రాత్‌ఫీల్డ్ దాటాక మేఘన ఫోన్ చేసింది.

"తాతయ్యా, యూ వోంట్ బిలీవ్ దిస్. నీ రికార్డింగ్ ప్లే చేశానా, వాళ్ల గ్రాండ్‌మా కిచెన్‌లోంచి 'ఖా' అంటూ వచ్చేసింది."

"ఖా అంటే?"

"ఎవరైనా పిలిస్తే మనం 'ఆఁ' అంటాం కదా, అది. ఇల్లంతా వెతుకుతోంది, ఎవరు పిలిచారా అని."

డైరీలో 'డబ్ల్యూ.ఎస్.' కొట్టేసి, ఆ పేరు తలలతో ఒకసారి, తలలు లేకుండా ఒకసారి రాశాను. ఆ వీధికి వెళ్లేవారికి నేను చెప్పగలిగింది ఇంతే. తెలిసినట్టే కనబడే అక్షరం దగ్గర ఇంకాస్త ఎక్కువసేపు నిలబడండి.

పెండిల్ హిల్‌లో దిగేసరికి 2.40. దారిలో పావుకిలో మైసూర్‌పాకు కొని సలీం దుకాణానికి నడిచాను. ఫలితాలు ఒకరోజు ముందే వచ్చేశాయి.